ఎర్రరాయి గోడ దగ్గర నలభై నిమిషాలు

పాత గోవాలో మా బస్సు ఆగేది నలభై నిమిషాలే. అందరూ గబగబా చర్చి లోపలికి వెళ్లిపోయారు. తాపీ మేస్త్రీ కొడుకుని కదా, నా కాళ్లు గోడ దగ్గరే ఆగిపోయాయి.

బోమ్ జీసస్ బసిలికా అనే ఈ చర్చి కట్టడం 1594లో మొదలైంది, 1605లో ప్రతిష్ఠ జరిగింది. గోడలన్నీ లాటరైట్ ఎర్రరాయి. ముందువైపు చెక్కడాలకు మాత్రం వసై నుంచి తెచ్చిన నల్లరాయి వాడారు. ఎర్రరాయి తవ్వేటప్పుడు మెత్తగా కోతకు వస్తుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది. కానీ ఒళ్లంతా బెజ్జాలే, వాన పడితే తాగేస్తుంది. అందుకే పాతవాళ్లు పైన సున్నపు గచ్చు పూశారు. పోర్చుగీసు పాలన చివర్లో, 1950లలో, రాయి కనబడితే పురాతనంగా ఉంటుందని ఆ గచ్చు ఒలిచేశారు. అప్పటినుంచీ ప్రతి వానాకాలం ఆ గోడ ఒంటిమీద బట్ట లేకుండా తడుస్తోంది. చేయి వేస్తే వేళ్లకు ఎర్రటి పొడి అంటింది. నాన్న చూసి ఉంటే తట్టుకోలేకపోయేవాడు.

మిగిలిన సమయమంతా లోపల, కుడివైపున్న సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ సమాధి దగ్గరే గడిపాను. 1552లో చైనా తీరపు దీవిలో కన్నుమూసిన ఆయన దేహం 1554లో గోవా చేరింది. ఆ దేహం ఉన్న వెండి పేటిక గోవా కంసాలుల పనితనం, 1637 నాటిది. దాని కింది పాలరాతి కట్టడం ఫ్లోరెన్స్ శిల్పి ఫొగ్గినీ పదేళ్ల శ్రమ. టస్కనీ ఏలిక మూడో కోసిమో పంపితే, 1698లో ఇక్కడ బిగించారు. ఓడెక్కి వచ్చిన ఆ రాళ్ల అతుకుల కోసం మెడ లాగేదాకా వెతికాను.

బయట హారన్ మోగింది. బంగారు పూత పూజావేదికను దూరం నుంచే చూసి, వెళ్తూ వెళ్తూ గోడను ఇంకోసారి అరచేత్తో తడిమాను.