మోకాలి మార్పిడి తర్వాత నమాజు ఎలా? పెద్దలు అడిగే ప్రశ్నలు

"ఆపరేషన్ అయ్యాక సజ్దా చేయొచ్చా డాక్టర్ సాబ్?" మోకాలి మార్పిడి అనగానే చాలామంది పెద్దల నోట మొదట వచ్చే ప్రశ్న ఇదే. ఈ భయంతోనే కొందరు ఏళ్ల తరబడి నొప్పి మాత్రలతో నెట్టుకొస్తుంటారు. ఆ మాత్రలు ఎక్కువ కాలం వాడితే కిడ్నీలు, కడుపు దెబ్బతినే ప్రమాదం ఉంది. పైగా ఆపరేషన్‌కు ముందు మోకాలు ఎంత వంగుతుందన్న దాన్నిబట్టే తర్వాత వంగడం చాలావరకు ఉంటుంది. పూర్తిగా బిగుసుకుపోయాక వెళ్తే లాభం తగ్గుతుంది.

మార్చిన మోకాలు సాధారణంగా 110 నుంచి 120 డిగ్రీల దాకా వంగుతుంది. కుర్చీకి, మెట్లకు అది చాలు. సజ్దాకు, ఆ తర్వాత మోకాళ్లు మడిచి కూర్చోడానికి చాలదు. కొందరికి సర్జన్ అనుమతితో వీలవుతుంది, ఎక్కువమందికి కుర్చీ నమాజే. అందులో చిన్నతనం ఏమీ లేదు. నిలబడలేనివారు కూర్చుని, అదీ కుదరకపోతే పక్కకు పడుకుని చేయవచ్చని సహీహ్ బుఖారీలో హదీసు ఉంది. రుకూకు కొంచెం వంగి, సజ్దాకు ఇంకాస్త వంగాలి. ఎంతసేపు నిలబడాలి అనే మసలా మాత్రం ఇమామ్ సాబ్‌ను అడగండి. ఇంట్లో వెస్ట్రన్ కమోడ్ లేకపోతే ఆపరేషన్‌కు ముందే పెట్టించుకోండి.

నడక ఎప్పుడు? చాలాచోట్ల మర్నాడే వాకర్‌తో నడిపిస్తారు. కుట్లు సుమారు రెండు వారాలకు తీస్తారు. అసలు పని ఫిజియోథెరపీదే. ఇక్కడే ఇంట్లోవాళ్లు ప్రేమతో తప్పు చేస్తారు: అమ్మీకి హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెడతారు. అలా ఉంచితే కాలు వంకరగానే బిగుసుకుపోతుంది. దిండు మడమ కింద పెట్టాలి.

షుగర్ ఉంటే ముందు అదుపులోకి తెచ్చుకోవాలి, లేకపోతే ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ. మందుల వేళలు కుదరక రోజాలు వదలాల్సి వస్తే తర్వాత ఖజా చేసుకోవచ్చు.

ఖర్చు విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ ధరలకు పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలు. ప్యాకేజీ అని ఒకే మొత్తం చెబితే ఒప్పుకోవద్దు. ఇంప్లాంట్ ధర, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా రాయించుకోండి.

ఇంటికొచ్చాక పిక్క వాచి నొప్పి పుట్టినా, కుట్ల దగ్గర చీము, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. ఉన్నట్టుండి ఆయాసం వస్తే రాత్రయినా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.