ఆకాశమున చిక్కినవారిని దించుట



సూళ్లూరుపేటకు ఆవల, పులికాటు సరస్సు దాటిన పిమ్మట వచ్చు శ్రీహరికోట 2022లో మన తిరుపతి జిల్లాలో చేరినది. అక్కడ రాకెట్టు లేచినపుడెల్ల మిద్దెలెక్కి చూచువారిలో నేనును ఒకడను. ఒకనాటి రాత్రి నా ప్రక్కన నిలిచిన పెద్దాయన, "పైకి పొయ్యినోడు ఆడనే చిక్కుకుంటే దించేదెవురు నాయనా?" అని అడిగెను.

2003 జనవరి 16న కొలంబియా యను అమెరికా నౌక ఏడుగురితో బయలుదేరెను. మన దేశమున కర్నాలులో పుట్టిన కల్పనా చావ్లా వారిలో ఒకరు. నౌక పైకి పోవునపుడే వెలుపలి ఇంధనపు తొట్టినుండి ఊడిన నురుగుముక్క యొకటి ఎడమరెక్క అంచునకు తగిలెను. క్రిందనున్న ఇంజనీర్లు కొందరు అనుమానపడి, ఆకాశముననున్న నౌకకు చిత్రములు తీయింపుడని కోరిరి. పైయధికారులు అవసరము లేదనిరి. ఫిబ్రవరి 1న దిగివచ్చుచు నౌక ముక్కలయ్యెను. ఏడుగురును మరణించిరి.

అప్పటికే ముగ్గురు కాపురమున్న అంతరిక్షకేంద్రము పైనున్నది గదా, అందు తలదాచుకొనరాదా యని మీరడుగవచ్చును. తిరుమల కొండపై నున్నవాడు మదనపల్లె దాపున నున్న హార్స్లీకొండపైకి అడుగువేయగలడా? రెండును ఎత్తే, త్రోవలు వేరు. కొలంబియా మార్గము భూమధ్యరేఖకు 39 డిగ్రీల వాలున నుండెను. కేంద్రము మార్గము 51.6 డిగ్రీలు. ఆ వాలు మార్చుటకు వలయు ఇంధనము నౌకలో లేదు.

మరియొక దారి యుండెనని విచారణసంఘము పిమ్మట తేల్చినది. దెబ్బ సంగతి తొలిదినములలోనే తెలిసియుండినచో, విడిచిన ఊపిరిలోని చెడుగాలిని పీల్చు రసాయనమును పొదుపుగా వాడి ఫిబ్రవరి 15 వరకు బ్రతికియుండవచ్చును. సిద్ధమగుచుండిన అట్లాంటిస్ నౌకను, ఆటంకములు లేనిచో, 10వ తేదీ నాటికి పంపవచ్చును. ఒకదానితో నొకటి అతుకుకొను సాధనము కొలంబియాకు లేదు గనుక, రెండును చేరువగా నిలువగా, ఒక్కొక్కరు శూన్యమున దాటవలెను. అపాయమే, అసాధ్యము కాదు. ఆ అయిదు దినముల లెక్క చదివినపుడు నాకు నిదుర పట్టలేదు.

2009లో హబుల్ దూరదర్శినిని బాగుచేయ పోయినపుడు, ఎండెవర్ నౌకను రెండవ వేదికపై రక్షణకై నిలిపియుంచిరి.

2024 డిసెంబరు 30న శ్రీహరికోటనుండి పోయిన రెండు చిన్న ఉపగ్రహములు, ఒక్కొక్కటి సుమారు 220 కిలోలది, 2025 జనవరి 16న పైననే ఒండొంటిని పట్టుకొని అతుకుకొనెను. వానిలో మనుష్యులు లేరు. ఆ వార్త పెద్దాయనకు చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "మంచిదే. రెక్కకు దెబ్బ తగిలిందంటే మాత్రం, ఈసారి ఇనేదెవురు?" అనెను.