గోదావరి తీరంలో తొలి శీతాకాలపు తుపానులు: సముద్ర వేటకు ముప్పు

గోదావరి డెల్టా మత్స్యకారులకు ఏడాదిలోకెల్లా ప్రమాదకరమైన కాలం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగినా బంగాళాఖాతం పైపొర నీటి వేడి 28 డిగ్రీల దగ్గరే ఉంటుంది. వానాకాలంలో తుపానును ఎదగనివ్వని, పైగాలులకూ కిందిగాలులకూ మధ్య ఉండే తేడా అప్పటికి తగ్గిపోతుంది.  అలా ఆపద పైకి కనిపించకముందే సిద్ధమై ఉంటుంది. తుపాను కబురు అందాక ఒడ్డు చేరడానికి ఎంత వ్యవధి మిగిలిందన్నదే, గాలి వేగం కన్నా ఎక్కువగా, వేటకు వెళ్లినవారి ప్రాణాలను నిర్ణయించింది.

ఓడల నిర్మాణానికి పేరుపడ్డ కోరంగి రేవును 1789 డిసెంబరులో, మళ్లీ 1839 నవంబరులో ఉప్పెనలు ముంచెత్తాయి. 1839లో మూడు లక్షల మంది చనిపోయారన్న లెక్క పుస్తకం నుంచి పుస్తకానికి పాకుతూ వచ్చింది. ఆనాటి తీర జనాభాను తలచుకుంటే అది నమ్మశక్యం కాదు. విధ్వంసం మాత్రం నిజం, రేవు మళ్లీ పూర్వస్థితికి రాలేదు. 1864లో కలకత్తాను దెబ్బతీసిన తుపాను తర్వాత అక్కడి రేవులో హెచ్చరికల పద్ధతి మొదలైంది, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. కాకినాడ రేవులో నేటికీ ఎగరేసే నంబరు హెచ్చరికలు ఆ పద్ధతికి కొనసాగింపే. అయితే రేవులో ఎగరేసిన గుర్తు నడిసముద్రంలోని పడవకు కనిపించదు. 1996లో ఈ లోపం ప్రాణాలు తీసింది. నడిసముద్రంలో వేగంగా బలపడిన తుపాను నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్లు దెబ్బతిన్నాయి, కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగాయి, వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్లినవారు ఎందరో తిరిగి రాలేదు. గంటకు 15 కిలోమీటర్లు నడిచే మరపడవ 150 కిలోమీటర్ల దూరం నుంచి రేవు చేరాలంటే, సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడే 10 గంటలు పడుతుంది.

వేసవి తుపానులే ఎక్కువ బలమైనవి కదా అని అడగవచ్చు. 1990 మే 9న కృష్ణా తీరాన్ని తాకినది అలాంటిదే. కానీ ఇప్పుడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంది. చేపల సంతతి కోసం పెట్టిన ఆ 61 రోజుల నియమం మే తుపానుల వేళ మరపడవలను ఒడ్డునే ఉంచుతోంది. నవంబరుకు అలాంటి రక్షణ లేదు. ఉపగ్రహాలు వచ్చాక ఈ భయం తీరిందన్నది మరో వాదన. 2018 డిసెంబరు 17న కాట్రేనికోన దగ్గర తీరం దాటిన పెథాయ్ తుపానును దానికి రుజువుగా చూపుతారు. అది దూరంగా దక్షిణాన పుట్టి, నాలుగు రోజులు ప్రయాణించి, జనానికి తగినంత వ్యవధి ఇచ్చింది. 1996 తుపానులా హఠాత్తుగా బలపడేది ఆ వెసులుబాటు ఇవ్వదు. తుపానుగా మారేదాకా ఆగకుండా, అల్పపీడనం వాయుగుండమైన రోజే పడవలను వెనక్కి పిలవాలి. ఫోను సిగ్నలు అందనంత దూరం వెళ్లే ప్రతి పడవకూ ఉపగ్రహ సందేశం అందుకునే పరికరం ఇవ్వాలి. వెనుదిరిగిన పడవకు పోయిన వేట ఖర్చును ప్రభుత్వమే భరించాలి, లేకపోతే అప్పు చేసి డీజిలు పోయించుకున్నవాడు ఆ పిలుపు విన్నా రాలేడు.