హ్యూన్‌త్సాంగు చెప్పిన చుళ్యదేశము

చీనాదేశమును టాంగువంశజుఁడగు తైత్సుంగు చక్రవర్తి (626-649) పాలించు కాలమున హ్యూన్‌త్సాంగను బౌద్ధభిక్షువు రాజాజ్ఞ లేకయే భారతదేశమునకు బయలుదేఱెను. 645లో నాతఁడు గ్రంథరాశితో మరలి రాఁగా నా చక్రవర్తియే యాతని నాదరించి, చూచిన దేశముల వృత్తాంతమును వ్రాయుమని కోరెను. ఇట్లు 646లో వెలసిన 'సి-యు-కి' యను గ్రంథము ఆంధ్రుల పూర్వచరిత్రకు ముఖ్యాధారములలో నొకటి.

ఇందు ఆంధ్రము, ధాన్యకటకము, చుళ్యము అను దేశములు వరుసగా వర్ణింపఁబడినవి. ఆంధ్రరాజధాని 'పింగ్-కి-లో' వేంగీపురమని పండితులు నిర్ణయించిరి. అచట సుమారు 20 సంఘారామములును, 3000 భిక్షువులును గలరఁట. ధాన్యకటకమున విహారములు పెక్కులు పాడువడి యిరువది మాత్రమే నిలిచియుండెను. అయినను విద్య యడుగంటలేదు. సుభూతి, సూర్యుఁడు అను భిక్షువుల యొద్ద మహాసాంఘికుల యభిధర్మమును బఠించుచుఁ గొన్ని మాసము లాతఁ డచట వసించెనని హ్వీలీ రచించిన జీవితచరిత్ర తెలుపుచున్నది.

అచటినుండి నైరృతిదిశగా 1000 లీల దూరమునఁ జుళ్యమున్నదని యాతఁడు వ్రాసెను. దాని చుట్టుకొలత 2400 లీలు. అది యడవులును జవుకునేలలును గల దేశము, జనులు కొలఁది, దొంగలు వెఱపులేక తిరుగుదురు, సంఘారామములు శిథిలములు, దేవాలయములు పదులకొలఁది, నిర్గ్రంథులు పెక్కుమంది.

ఇది కావేరీతీరపుఁ జోళదేశమా? కానేరదు. చుళ్యమునుండి దక్షిణముగా 1500 లీలకుఁ బైగా నడచినఁ గాంచీపురము రాజధానిగాఁ గల ద్రావిడము వచ్చునని యాతఁడే చెప్పెను. తంజావూరు కాంచికి దక్షిణమున నున్నది. చుళ్యమో యుత్తరమున నున్నది. కన్నింగుహాముగారు దీనిఁ గర్నూలుగా నెంచిరి. విన్సెంటు స్మిత్తుగారు దత్తమండలములలో, ముఖ్యముగాఁ గడపసీమలో నుంచిరి. ఆ సీమయందు రేనాటిచోళు లేలినట్లు శాసనములు చాటుచుండుటచే నీ రెండవ మతమే బలవత్తరము.

గోరంట్ల చెంతఁ బ్రవహించు చిత్రావతి యుత్తరముగా సాగి గండికోట ప్రాంతమునఁ బెన్నం గలియును. ఆ దిగువభూములు రేనాటిలోనివి. అంతమాత్రమున గోరంట్లను జుళ్యమునఁ జేర్చుట తగదు. యాత్రికుఁడు చుట్టుకొలతను జెప్పెనే కాని యెల్లలను బేర్కొనలేదు.

ఆతని వర్ణనమును బట్టి యీ సీమ నాగరికత లేనిదని తలంచుటయు యుక్తము గాదు. యాత్రికుని రాకకుఁ బూర్వమే, సుమారు 575లో, ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కలమళ్ల శాసనము తెలుఁగుభాషలోఁ జెక్కఁబడినది. తెలుఁగు శాసనములలో నది మిక్కిలి ప్రాచీనమని ప్రసిద్ధము. హ్యూన్‌త్సాంగు విహారములను వెదకుచు వచ్చినవాఁడు. విహారములు పాడువడిన చోట నాతనికి దేశమే పాడుగాఁ దోఁచియుండును. కావున దిక్కులకును దూరములకును యాత్రికుని మాటయు, దేశస్థితికి శాసనముల సాక్ష్యమును గొని, రెంటిని సరిచూచిననే రేనాటి చరిత్ర స్పష్టమగును.