అంబారీ జారిన ఐరావతం

వేట నిషేధం రోజుల్లో మా మావయ్య విశాఖ వచ్చాడు. ఆయనది కళింగపట్నం, శ్రీకాకుళం జిల్లా. బీచ్ రోడ్డులో నిలబెట్టిన టీయూ-142 విమానం చూపించాను. 29 ఏళ్లు సముద్రం మీద జలాంతర్గాముల్ని వెతికి, 2017లో అరక్కోణంలోని ఐఎన్‌ఎస్ రాజాలి నుంచి రిటైరైంది. అదే ఏడాది డిసెంబరులో మ్యూజియమైంది.

అరక్కోణం అనగానే నాకు ఇంకో విమానం గుర్తొస్తుంది. మ్యూజియం మాట అటుంచి, అసలు తయారీ దాకానే రాలేదది. పేరు ఐరావత్.

భూమి గుండ్రం కదా, రాడార్ కిరణమేమో దాదాపు తిన్నగా పోతుంది. 10 మీటర్ల ఎత్తున్న కంటికి సముద్రం 11 కిలోమీటర్ల దగ్గర అంచు తేలిపోతుంది. రాడార్‌కి ఇంకాస్త దూరం, అంతే. ఆ అంచు కింద నీళ్లని రాసుకుంటూ వచ్చే శత్రు విమానం ఆనదు. అదే కన్ను 6,000 మీటర్ల పైకెళితే దాదాపు 275 కిలోమీటర్లు కనిపిస్తుంది.

"తాటిచెట్టెక్కితే పడవలు ముందే అగుపిస్తాయి. అదే గదేటి?" అన్నాడు మావయ్య.

అదే. కాకపోతే మనకి దొరికిన చెట్టు చిన్నది. 1980ల మధ్యలో డీఆర్‌డీఓ ఈ పని మొదలుపెట్టి, రెండు ప్రొపెల్లర్ల ఆవ్రో విమానం వీపు మీద 24 అడుగుల వెడల్పు పళ్లెం బిగించింది. లోపల యాంటెనా ఉండి, మొత్తం గుండ్రంగా తిరుగుతుంది. ఏనుగు మీద అంబారీ అన్నమాట. పేరు పెట్టినవాళ్లకి పురాణం బాగానే తెలుసు. 1990 చివర్లో అంబారీతో తొలిసారి ఎగిరింది. ఏళ్ల తరబడి పరీక్షలు నడిచాయి.

1999 జనవరి 11న అరక్కోణం దగ్గర ఆ పళ్లెం ఊడి తోకకి తగిలింది. విమానం కూలిపోయింది. నలుగురు శాస్త్రవేత్తలు, నలుగురు వైమానిక దళం వాళ్లు, ఎనిమిది మందీ పోయారు. ప్రాజెక్టు మూతపడింది.

"చేతకాలేదు, చివరికి కొనుక్కున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. కొన్నమాట నిజమే. ఇజ్రాయెల్ రాడార్ బిగించిన ఫాల్కన్ 2009లో వచ్చింది. కానీ ఐరావత్ మీద పనిచేసిన బెంగళూరు క్యాబ్స్ సంస్థే 2004లో మళ్లీ మొదలెట్టింది. ఈసారి ఎంబ్రాయర్ జెట్. వీపు మీద తిరిగే పళ్లెం లేదు, కదలని పొడవాటి దూలంలాంటి రాడార్. ఆ నేత్ర 2017 ఫిబ్రవరిలో వైమానిక దళానికి చేరింది. అంతకుముందు పరీక్షల్లో నేర్చిందంతా 1999లోనే కాలి బూడిదైందంటే నేను నమ్మను. ఆ ఎనిమిది మందినీ వైఫల్యం లెక్కలో రాసెయ్యడం నాకు బొత్తిగా నచ్చదు.

ఫోన్‌లో ఐరావత్ ఫోటో చూపించాను. మావయ్య రెక్కలు చూడలేదు, తోక చూడలేదు. రెండేళ్లతో బొమ్మ పెద్దది చేసుకుని, పళ్లేనికీ వీపుకీ మధ్యనున్న కాళ్ల దగ్గర ఆగాడు. పడవలో కొయ్య బిగించినచోట చూసినట్టే చాలాసేపు చూశాడు.

"కట్టు ఊడింది ఇక్కడేనేట్రా?"