మన ఇల్లు ఎదురింట్ల ఉండె

ఇంకో రెండు పుల్లలెయ్యి బిడ్డా, మంట అందుకుంటలేదు. ఆ ఫోన్లు జేబుల పెట్టుకోండ్రి. నెట్టు పోతే పోనియ్యి, పొద్దుగాలకు వస్తది. ఈ ఫ్లాటుకు మొదటిసారి నెట్టు వైరు పడ్డ ముచ్చట మీ నాయన ఎప్పుడన్న చెప్పిండా? చెప్పడు. వాడప్పుడు వరంగల్‌ల హాస్టల్ల ఉండె. తిప్పలన్నీ నావి, మీ నానమ్మవి.

అది 2006. హిమాయత్‌నగర్‌ల కిరాయి ఇల్లు ఖాళీ చేసి ఈ మల్కాజిగిరి ఫ్లాటుకొచ్చి ఎన్నో దినాలు కాలే. అప్పటికి ఇది హైదరాబాద్ కార్పొరేషన్ల లేకుండె. మల్కాజిగిరిది ఒక మున్సిపాలిటీ, ఉప్పల్‌ది ఒకటి, అల్వాల్‌ది ఇంకొకటి. 2007 ఏప్రిల్ 16 నాడు గదా ఇసొంటియి 12 మున్సిపాలిటీలను, ఇంకొన్ని ఊర్లను కలిపి గ్రేటర్ చేసింది. పేర్లు కలిసినయి గని ఇండ్ల నంబర్లు కలవలే. అక్కడున్న నంబరే ఇక్కడ కూడా ఉంటుండె.

నా నౌకరి మీకెరుకే, పోస్ట్‌మన్. హిమాయత్‌నగర్ బీటు. అక్కడ ఇంటి నంబరు 3-6 తోటి మొదలైతది. మూడంటే వార్డు, ఆరంటే బ్లాకు, ఆ ఎనుకది ఇల్లు. సోమాజిగూడ, పంజాగుట్ట అయితే 6-3. బంజారాహిల్స్ 8-2. దిల్‌సుఖ్‌నగర్ దిక్కు 16-11. మొదటి రెండు ముక్కలు చూస్తె చాలు, ఉత్తరం ఎటు పోవాల్నో చెప్పొచ్చు. అసలు తమాష ఆ తర్వాత ఉంటది. అన్నదమ్ములు పంచుకుని ఒక్క ఇల్లు రెండైతే ఒక గీత గీసి బై ఒకటి, బై రెండు అంటరు. బై రెండోడు పెరట్ల ఇంకో పోర్షన్ లేపి కిరాయికిస్తె అది బై రెండు బై ఏ. ఎనకటి తోట ఒకటి కాలనీ అయిందనుకో, తోటకున్న ఒక్క నంబరే అన్ని ఇండ్లకు, దాని ఎంబడి బైలు రైలు డబ్బాల లెక్క. అయి కూడ వరుసగ ఉంటయనుకునేరు, ఉండయి. బై 40 పక్కపొంటి బై 112 ఉంటది, బై 41 ఏ మూలకుంటదో దేవునికెరుక. చెప్పులరిగినంక గని అదంతా తలకెక్కది.

పిన్‌కోడ్ మాత్రం పక్కా. 1972 ఆగస్టు 15 నుంచి వచ్చింది. దాన్ని తయారు చేసిన శ్రీరామ్ భికాజీ వేలాంకర్ పెద్ద అధికారే గాదు, సంస్కృతంల కవిత్వం చెప్పే పండితుడు కూడా. అందుకే ఆరంకెల్ల దేశమంతా ఇమిడ్చిండనుకుంట. 500 అంటే హైదరాబాద్, 047 అంటే మన మల్కాజిగిరి పోస్టాఫీసు. ఆడిదాక లెక్కనే. పోస్టాఫీసు కాడికెళ్లి దర్వాజ దాక ఇగ లెక్క పని చెయ్యది, ఎరుక కావాలె.

ఇప్పుడు మన ఫ్లాటు సంగతి చూడుండ్రి. రిజిస్ట్రీ కాయితంల సర్వే నంబరు, ప్లాటు నంబరు. పన్ను రసీదు మీద బిల్డర్ కూలగొట్టిన పెంకుటింటి నంబరు. కరెంటు బిల్లు బిల్డర్ పేరు మీద, అండ్ల సర్వీస్ నంబరు తప్ప ఇంటి నంబరే లేదు. రేషన్ కార్డుల మేమింకా హిమాయత్‌నగర్‌లనే ఉన్నం. కాలనీ పేరేమో సాయినగర్. ఈ పట్నంల సాయినగర్లు, వివేకానంద నగర్లు, వెంకటేశ్వర కాలనీలు లెక్కపెట్టినోడు లేడు. మంది ఇండ్లు దేవులాడి దేవులాడి ఉత్తరాలిచ్చినోని ఇంటికే అడ్రస్ లేకపాయె అని మీ నానమ్మ ఒకటే నవ్వు.

నెట్టు ఎందుకంటరా? మీ అత్త కోసం. అప్పుడే డల్లాస్ పోయి ఏడాదైంది, నెలలు నిండుతున్నయి. ఫోన్ చేస్తె నిమిషాలు లెక్కపెట్టుకుంట మాట్లాడుడు. నెట్ సెంటర్‌కు పోయి యాహూ మెసెంజర్‌ల కెమెరా పెట్టుకుంటె మొఖం కనపడేది. గంటకు 20 రూపాయలు. డల్లాస్‌ల పొద్దున అంటే మనకు రాత్రి. నెట్ సెంటర్ల ఎనుక నుంచి కాలేజీ పోరగాండ్లు తొంగి చూస్తుంటె మీ నానమ్మ బిడ్డను ఏమడుగుతది? ఏడ్వనన్న ఏడ్వదాయె. ఇంట్లనే కంప్యూటర్ పెట్టి నెట్టు గుంజిద్దామనుకున్నం.

అంతకుముందు నెట్టంటే ఫోన్ వైరుకు మోడెం తగిలించుడే. కీచుమని మొత్తుకుని, గరగరమని, అప్పుడు కలుస్తుండె. నెట్టు నడిచినంతసేపు ఫోన్ ఎంగేజ్. తర్వాత సర్కారు 2004ల బ్రాడ్‌బ్యాండ్ పాలసీ తెచ్చి 256 కేబీపీఎస్ ఉంటెనే బ్రాడ్‌బ్యాండ్ అనాలె అన్నది. నవ్వకుండ్రి, అప్పట్ల అది ఉరుకుడే. 2005 కెళ్లి ఫోన్ వైరు మీదనే అది ఇయ్యవట్టిరి. మన గల్లీ డబ్బాల వైరు జతలు ఖాళీ లేకుండె, ల్యాండ్‌లైనే రాలే. ఇగ మిగిలింది కేబుల్ నెట్టు.

కంపెనీ ఆఫీసుకు పోయిన. ఏ కంపెనీ అన్నది ఎందుకులే, ఇప్పుడు ఆ పేరే లేదు. కౌంటర్ల కూసున్న పిల్ల మంచిగనే మాట్లాడింది. ఫారం నింపిచ్చింది. కంప్యూటర్ల కొట్టి, “మీ అడ్రస్ సిస్టంల లేదంకుల్” అన్నది. పన్ను రసీదు నంబరు కొడ్తె పెంకుటిల్లు, దానికి ఫ్లాట్ నంబరెట్ల వస్తదని అడిగింది. ప్లాటు నంబరు కొడ్తె అసలుకే తీసుకుంటలేదు. సాయినగర్ అని కొడ్తె ఒక్కటి దొరికింది. సంబురపడ్డ. తీరా చూస్తె అది నాగోల్ దిక్కు సాయినగర్. పాపం వైరు పట్టుకొని పిల్లగాడు ఆడికే పోయిండు, ఆడికెళ్లి ఫోన్ చేసి “గేటు కాడ ఉన్న, తలుపు తియ్యుండ్రి” అన్నడు. మీ నానమ్మ తలుపు తీసుకుని నిలవడ్డది కూడా.

కంపెనీ తప్పే అని నేననను. వాళ్లకు ఇంటి అడ్రస్‌తోటి అసలు పనే లేదు. ఏ బిల్డింగు కాడ వాళ్ల డబ్బా ఉన్నదో, ఏ డబ్బాల రంధ్రం ఖాళీ ఉన్నదో అది కావాలె. ఈథర్నెట్ వైరు 100 మీటర్లు దాటితే సిగ్నల్ నిలవది. అందుకే రెండు మూడు బిల్డింగులకొక స్విచ్చు పెట్టి, డాబాల మీదికెళ్లి వైరు గుంజుకుంట పోతరు. స్విచ్చుకు కరెంటు ఎవలో ఒకలు ఇయ్యాలె, ఇచ్చినోళ్లకు నెట్టు ఫ్రీ. మన గల్లీ డబ్బా ఎదురు అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఉండె. మన బాల్కనీల నిలవడితె దాని ఎర్ర లైటు మినుకు మినుకుమంటుంటె కనపడేది. ఆడ ఉన్నది ఈడికి రాదు. ఎందుకంటే మన గల్లీ ఇద్దరు కేబుల్ ఆపరేటర్ల సరిహద్దు. ఎదురు వరుస ఒకాయనది, మన వరుస ఇంకొకాయనది. మనాయన దగ్గర టీవీ చానళ్లు తప్ప నెట్టు లేదు. ఎదురాయన దగ్గర నెట్టున్నది, రోడ్డు దాటితే లొల్లి. భారత్ పాకిస్తాన్ నయం.

మళ్ల నాగోల్ పోయొచ్చిన పిల్లగాడే గట్టెక్కిచ్చిండు. నల్లగొండ దిక్కు పిల్లగాడు, ఇరవై ఏండ్లుంటయేమో. డాబా మీద నిలవడి ఇటు చూసిండు, అటు చూసిండు. మీ నానమ్మ ఇచ్చిన చాయ్ తాగిండు. “అంకుల్, ఎదురు బిల్డింగుల 302 ఎవలిది?” అన్నడు. అది తాళమేసి ఉండె, ఓనరు దుబాయిల. మనది కూడా 302 నే. “గట్లయితే మీరు ఎదురు 302 ల ఉన్నట్టు రాస్త. సిస్టంల ఆ అడ్రస్ పచ్చగ చూపిస్తది. వైరు మాత్రం రాత్రిపూట ఇటేస్త” అన్నడు. నేను నా చేత్తోని దొంగ అడ్రస్ రాయనంటే రాయనన్న. నౌకరి అలవాటు మరి. వాడు నవ్వి వాడే రాసుకున్నడు, నేను సంతకం పెట్టిన.

చీకటైనంక సుతిలి తాడుకు రాయి కట్టి ఎదురు డాబా మీదికెళ్లి మన డాబా మీదికి ఇసిరిండు. మొదటి రాయి వేపచెట్టుల పడ్డది. రెండోది వాటర్ ట్యాంకుకు తగిలి ఠంగుమన్నది, కింది ఫ్లాటోళ్లు దొంగలొచ్చిండ్రని లైట్లేసిండ్రు. తాడు ఎంబడి వైరు గుంజి, కిటికీ చెక్కకు బొక్క చేసి లోపలికి తెచ్చి, కంప్యూటర్‌కు తగిలించిండు. ఆ కాన్పు నెలల మీ నానమ్మ ఆ కంప్యూటర్ ముందరే కూసున్నది, ఆడనే తిన్నది. పుట్టిన పిల్లను కెమెరాల చూపిస్తె మొఖం గళ్లుగళ్లుగ ఇరిగిపోయి వస్తుండె. ముక్కు మనదే అని మీ నానమ్మ ఖాయం చేసింది. ఆ గళ్లల్ల ముక్కెట్ల కనపడ్డదో నాకైతే తెల్వదు.

వైరు పడ్డంక నిమ్మళమేం లేదు. సంక్రాంతికి పతంగుల మాంజ చిక్కుకుంటె పోరగాండ్లు గుంజేది, నెట్టు పోయేది. ఎండకాలం ఉరుము ఉరిమితె డబ్బా కాలేది. డబ్బాకు కరెంటిచ్చే పెద్దమనిషి ఊరికి పోయినప్పుడల్ల మెయిన్ బంద్ చేసి పోతుండె, మన ఇంట్ల కరెంటున్నా నెట్టు ఉండది. ఆయనెప్పుడు ఊరికి పోతడో గల్లీ మొత్తం కనుక్కుంటుండె. అంత పలుకుబడి ఎమ్మెల్యేకు కూడా లేదు.

అసలు తమాష వేరే అయింది. గ్యాస్ మార్పిచ్చుకుందామని పోతె ఇక్కడ ఉంటున్నట్టు బిల్లేదన్న తెమ్మన్నరు. నా పేరు మీద మల్కాజిగిరి అని అచ్చైన కాయితం ఒక్క నెట్టు బిల్లే. అది చూపిచ్చిన. గ్యాస్ బుక్కు ఆ అడ్రస్ మీద వచ్చింది. గ్యాస్ బుక్కు చూసి బ్యాంకోళ్లు పాస్‌బుక్కుల అదే ఎక్కిచ్చిండ్రు. సిలిండర్ పిల్లగాడు లిఫ్టు లేని ఆ బిల్డింగు మూడంతస్తులు ఎక్కి, తాళం చూసి, నన్ను తిట్టుకుంట దిగేది. ఇటు మన పోస్ట్‌మన్ మాత్రం ఒక్క ఉత్తరం తప్పుగ ఎయ్యలే. కవరు మీద ఎదురు బిల్డింగని ఉన్నా సక్కగ మన దర్వాజ కాడికే తెస్తుండె.

కంపెనీలు మారినయి, రాగి వైరు పోయి ఫైబర్ పడ్డది, కంప్యూటర్ల మన అడ్రస్ మాత్రం అట్లనే ఉన్నది. 2020ల లాక్‌డౌన్ అయింది చూడు, అందరికీ ఇంట్ల నెట్టు కావాలె. ఒకనాడు మూతికి మాస్కు కట్టుకుని ఒక పిల్లగాడు తలుపు కొట్టిండు. రాజమండ్రి అబ్బాయి, సాఫ్ట్‌వేర్, ఎదురు 302 ల కొత్తగ దిగిండు. దూరం నిలవడి మస్తు మర్యాదగ అడిగిండు: “బాబాయి గారూ, మా ఫ్లాట్లో పధ్నాలుగేళ్ల నుంచి మీరే ఉంటున్నారంటండీ. ఆ అడ్రస్‌కి ఇంకో కనెక్షన్ ఇవ్వరంట. మీరు కాస్త ఖాళీ చేస్తారా?”

మీ నానమ్మ లోపలికెళ్లి నవ్వుడు నాకు ఇనవడుతనే ఉన్నది. ఆ పిల్లగానికి పని ఆగకుండ మన వైఫై పాస్‌వర్డ్ చెప్పిన, గల్లీ సన్నగనే గదా, వాని బాల్కనీకి అందుతది. తర్వాత ఫారంల 302 బై ఏ అని రాయమన్న. రాసిండు. సిస్టం కిక్కురుమనలే, మరునాడే ఫైబర్ గుంజిండ్రు. సొంత ఫ్లాట్ల వాడు బై ఏ, ఎదురింట్ల ఉన్న మనం అసలు 302. ఇప్పటికీ అంతే.