కాటా ముందు గడిచే కాలం: శక్కర్‌నగర్ చెరకు వరుసకు ఒక సైద్ధాంతిక నమూనా

నరికిన చెరకులో చక్కెర నరికిన పూట నుంచే తగ్గడం మొదలవుతుంది. గడలో ఉండే ఇన్వర్టేజ్ ఎంజైము, కోసిన చోట చేరే బ్యాక్టీరియా కలిసి సుక్రోజును గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడగొడతాయి. ఆ రెండూ తియ్యగానే ఉంటాయి గానీ పాకం మరిగే పాన్‌లో పలుకు కట్టవు. నరికిన 24 గంటల్లోపే గడ మిల్లులో పడాలని చెరకు తెలిసినవాళ్లంతా చెప్పేది ఇందుకే. బండి యార్డులో ఎంతసేపు నిలబడితే ఎంత చక్కెర పోతుంది, ఆ నిలుపు ఎవరి చేతిలో ఉంది అనేవి ఈ వ్యాసం తేల్చుకోదలచిన ప్రశ్నలు. బోధన్ పక్కనే శక్కర్‌నగర్‌లో 1937లో నెలకొన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఇందుకు ఉదాహరణ.

మొదటి ప్రశ్నకు భౌతికశాస్త్రం దగ్గర పాత జవాబే ఉంది. చక్కెర ద్రావణం ధ్రువిత కాంతి తలాన్ని తిప్పుతుందని 1815 ప్రాంతంలో ఫ్రెంచి శాస్త్రవేత్త బయో గమనించాడు. సుక్రోజు కుడివైపు తిప్పితే, అది విరిగాక మిగిలే మిశ్రమం ఎడమవైపు తిప్పుతుంది. 1850లో జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మీ ఆ మలుపును పోలారిమీటరుతో కొలిచి, ఆమ్లంలో చక్కెర విరిగే వేగం ఆ క్షణాన మిగిలున్న చక్కెరను బట్టి ఉంటుందని తేల్చాడు. రసాయన చర్యల వేగాన్ని లెక్కగట్టిన తొలి ప్రయోగాల్లో ఇదొకటి. చక్కెర ఫ్యాక్టరీ ల్యాబుల్లో రసం ‘పోల్’ (మలుపును బట్టి తేలే చక్కెర శాతం) చూసేది ఆ సాధనంతోనే.

రెండో ప్రశ్నకు వరుసల గణితం పుట్టిన టెలిఫోన్ ఎక్స్చేంజికి వెళ్లాలి. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన గణితజ్ఞుడు ఎర్లాంగ్, కాల్స్ రాకలోని యాదృచ్ఛికతను 1909లో గణితంగా రాశాడు. 1960ల మొదట్లో కంప్యూటర్ శాస్త్రవేత్త క్లైన్‌రాక్ అదే గణితాన్ని సందేశాల నెట్‌వర్కులకు వర్తింపజేశాడు. డేటా ప్యాకెట్ రౌటర్ దగ్గర ఆగినట్టే చెరకు ట్రాక్టరు కాటా దగ్గర ఆగుతుంది. తేడా ఒక్కటే: ఆగినంత మాత్రాన ప్యాకెట్ పులియదు.

ఈ రెండింటినీ కలుపుదాం. రాకలు యాదృచ్ఛికంగా, సేవ ఒకే చోట జరిగే అతి సరళమైన నమూనాలో, బండి మొత్తం గడిపే సగటు కాలం సేవ రేటుకూ రాక రేటుకూ ఉన్న తేడాకు విలోమం. చక్కెర తరుగుదల రేటును దీనికి జోడిస్తే మిగిలే చక్కెర భాగం ఒక చిన్న భిన్నంగా తేలుతుంది: పైన ఆ తేడా, కింద ఆ తేడాకు తరుగుదల రేటు కలిపిన మొత్తం. ఊహాత్మక అంకెలు వేసి చూద్దాం. గంటకు 15 బండ్లు ఆడించగల మిల్లు, బండికి 10 టన్నులు, చక్కెర దిగుబడి 10 శాతం, తరుగుదల గంటకు 0.2 శాతం అనుకుందాం. గంటకు 14 బండ్లు వస్తే సగటు నిలుపు ఒక గంట, రోజుకు పోయే చక్కెర సుమారు 0.7 టన్ను. రాక 14.9కి పెరిగితే నిలుపు పది గంటలు, నష్టం ఏడు టన్నులు. అదనంగా ఆడిన 216 టన్నుల చెరకు ఇవ్వాల్సిన 21.6 టన్నుల చక్కెరలో దాదాపు 6.3 టన్నులు యార్డులోనే పోయాయి. మిల్లు నూటికి నూరుపాళ్లు నిండాలన్న యాజమాన్యపు పట్టుదల ఇక్కడ లెక్కకు నిలవదు.

అసలు యార్డు ఈ నమూనా కంటే మొండిది. బండ్లు గుంపులుగా వస్తాయి, మిల్లు మధ్యలో ఆగుతుంది. రాకలోనూ సేవలోనూ ఒడుదుడుకులు ఎంత ఎక్కువైతే నిరీక్షణ అంత పెరుగుతుందని 1961లో గణితజ్ఞుడు కింగ్‌మన్ చూపాడు. కాబట్టి కొత్త రోలర్లు కొనకుండానే వరుసను తగ్గించే దారి ఒకటుంది. అది కటింగ్ ఆర్డరు. ఏ ఊళ్లో, ఏ తోట, ఏ రోజు నరకాలో చెప్పే ఆ కాగితమే ఈ వ్యవస్థలో సమాచార నెట్‌వర్కు. నష్టం పంపకం కూడా గమనించాలి. రైతుకు డబ్బు తూకం మీద వస్తుంది గనుక ఎండి తగ్గిన బరువు అతని ఖాతాలోకి, విరిగిన చక్కెర ఫ్యాక్టరీ ఖాతాలోకి పోతాయి. ఇద్దరికీ నష్టమే అయినా ఇద్దరి లెక్కలూ ఒకచోట కలవవు.

నిజాంసాగర్ నీళ్ల కింద ఫ్యాక్టరీకి సొంత చెరకు తోటలున్న కాలంలో ఆ నెట్‌వర్కు రెండు కొసలూ ఒకే చేతిలో ఉండేవి. వేల మంది రైతుల మీద ఆధారపడితే మాత్రం బరువంతా ఫ్యాక్టరీ తరఫున తోటలు చూసే ఫీల్డ్‌మన్ మీద పడుతుంది. ఎవరి మొక్కతోట పక్వానికొచ్చింది, ఎవరి కార్శి (నరికిన మోళ్ల నుంచి మళ్లీ చిగిర్చిన తోట) ఎండుతోంది, ఏ ముఠా ఎక్కడ నరుకుతోంది అన్నది అతని తలలో ఉంటుంది.

సేవ రేటు కూడా యంత్రం మీద చెక్కిన అంకె కాదు; పాకం వండే చోట ఆలస్యమైతే మిల్లూ నెమ్మదిస్తుంది. అక్కడ పాకం వండే పాన్‌మన్ మరుగుతున్న పాకం నుంచి కాస్త బయటికి తీసి, గాజుపలక మీద పలచగా పూసి, దీపానికెదురుగా పట్టి పలుకు చూస్తాడు. పలుకు సమంగా లేదనిపిస్తే అప్పుడే చేతికందే వాల్వు తిప్పుతాడు. ఇది కొన్ని సీజన్లు పక్కన నిలబడి నేర్చుకునే పని. ఎక్కువగా ఒక సంస్థలోనే విలువున్న ఇలాంటి నైపుణ్యాన్ని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లో మానవ మూలధనంలో ప్రత్యేక వర్గంగా చూపాడు. సంస్థ మూతపడితే దానికి బజారులో ధర పడిపోతుంది.

శక్కర్‌నగర్‌లో జరిగింది అదే. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు సంస్థకు వెళ్లి ఫ్యాక్టరీ నిజాం దక్కన్ షుగర్స్ అయింది. 2015 డిసెంబరు 23న బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లకు లేఆఫ్ ప్రకటించారు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. మూతపడ్డాక తిరిగి తెరవడం ఎందుకు కష్టమో ఒక పోలికతో చూద్దాం. ఇనుమును అయస్కాంతం చేసి అయస్కాంత క్షేత్రాన్ని తీసేసినా అది పూర్తిగా పాత స్థితికి రాదు. దాన్ని దించడానికి ఎదురు క్షేత్రం పెట్టాలి. మూతపడ్డ ఫ్యాక్టరీకీ హిస్టెరిసిస్ అనే ఈ గుణం ఉంది. చెరకు లేకపోతే మిల్లు ఆడదు, మిల్లు ఆడుతుందన్న నమ్మకం లేకపోతే ఏడాది పంటను రైతు వేయడు. నడుస్తున్న ఫ్యాక్టరీని నిలబెట్టడానికి సరిపోయే చెరకు విస్తీర్ణం, ఆగినదాన్ని తిరిగి తిప్పడానికి సరిపోదు.

2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం పునరుద్ధరణ మీద కమిటీ వేసింది. బాయిలర్లకూ రోలర్లకూ టెండరు పిలిచి తెచ్చుకోవచ్చు. ఫీల్డ్‌మన్‌నూ పాన్‌మన్‌నూ అలా తెచ్చుకోలేం. అందుకే పాత ఉద్యోగుల్లో ఇంకా పని చెప్పగలిగిన వారిని ముందు వెతికి పట్టుకోవాలి, వారి పక్కన కొత్తవారిని కనీసం రెండు సీజన్లు నిలబెట్టాలి, తొలి ఏళ్లలో మిల్లు సామర్థ్యంలో కొంత భాగాన్ని కావాలనే ఖాళీగా ఉంచాలి. ఈ మూడింటికీ నిధులు చూపని పునరుద్ధరణ ప్రణాళికను ఒప్పుకోకూడదు.